ఓడిపోయిన తుపాకులు

ఎన్.సి.సి.లో చేరిన మొదటి ఏడాది క్యాంపులో మా హవల్దారు గారు ఒక రైఫిలును బల్ల మీద పెట్టి దాని పేరు చెప్పమన్నారు. "ఎస్.ఎల్.ఆర్." అన్నాం అందరం ఒకే గొంతుతో. నిన్నమొన్నటి దాకా పోలీసు కాపలాల్లో కనిపించిన పొడుగాటి తుపాకి గదా, తెలియకేం! "ఎవరి తుపాకి ఇది?" అన్నారాయన. "మనదే సార్" అన్నాం. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదిలిపెట్టలేదు. సెలవుల్లో ఆ తుపాకి వంశవృక్షం వెతకడం మొదలుపెట్టాను. 1960లలో కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో దీన్ని తయారు చేయడం మొదలైంది. దీనికి మాతృక బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీ వారి ఎఫ్.ఎ.ఎల్. రైఫిలు. దాన్ని రూపొందించినవాడు డ్యూడొన్నే సైవ్ అనే ఇంజనీరు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇంకా వెనక్కి వెళితే తెలిసిన సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ ఎఫ్.ఎ.ఎల్. తన చిన్నతనంలో మరో తూటా కోసం తయారైంది. అప్పుడు దానితో ఒక బ్రిటిష్ రైఫిలు పోటీ పడింది. ఆ పోటీదారు పేరు ఇ.ఎం.2. ఈరోజు దాని పేరు ఎవరికీ తెలియదు. ప్రపంచం మొత్తం మీద కొన్ని పదుల కంటే ఎక్కువ తయారు కాలేదు.

అలాంటి తుపాకుల గురించే ఈ వ్యాసం. సైన్యం కోసం పుట్టి, పరీక్షకు నిలబడి, ఏదో కారణాన ఓడిపోయి, పాత ఇనుము కిందికి పోకుండా ఎలాగో మిగిలిపోయిన తుపాకులు. వాటిని వెతికి, సేకరించి, బాగుచేసి, దాచిపెట్టే ఒక విద్య ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బాగా పెరిగింది. తుపాకుల మీద మోజు పెంచడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. ఇందులో సైన్సు చదివేవాళ్ళు, సేద్యం చేసేవాళ్ళు నేర్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. దాన్ని నేను ఆలస్యంగా, అదీ ఒక నష్టం జరిగాక నేర్చుకున్నాను.

గెలిచినా ఓడిన తుపాకి

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అన్ని దేశాల సైన్యాలకూ ఒక అనుమానం వచ్చింది. అంతవరకు వాడిన రైఫిలు తూటాలు వెయ్యి గజాల దూరం కూడా పోగల శక్తి కలవి. యుద్ధంలో సైనికుడు నిజంగా కాల్చిన దూరం చాలావరకు మూడు నాలుగు వందల గజాల లోపే. మరి అంత బలమైన తూటా దేనికి? తూటా పెద్దదైతే బరువు ఎక్కువ, వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ. గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతుందో తుపాకి అంత ద్రవ్యవేగంతో వెనక్కి తంతుందని న్యూటన్ మూడో నియమం చెబుతూనే ఉంది. ఆ తన్నుకు గురి చెదురుతుంది. మోసుకెళ్ళే తూటాల సంఖ్యా తగ్గుతుంది.

బ్రిటిష్ వారు లెక్కలు కట్టి 7 మిల్లీమీటర్ల వ్యాసం గుండు, 43 మిల్లీమీటర్ల పొడవు గుల్ల గల చిన్న తూటాను తయారు చేశారు. మనకు అలవాటైన పాత .303 తూటా గుల్ల 56 మిల్లీమీటర్లు. ఈ కొత్త తూటాకు తగిన తుపాకిని రూపొందించే పనిని ఎన్‌ఫీల్డులో కజిమీర్ యానుషెవ్‌స్కీ అనే పోలెండు దేశపు ఇంజనీరు చేపట్టాడు. యుద్ధకాలంలో స్వదేశం వదిలి ఇంగ్లండు చేరినవాడు. తరువాత స్టెఫాన్ జాన్సన్ అని పేరు మార్చుకున్నాడు.

ఆయన చేసిన తుపాకిలో ఒక తమాషా ఉంది. మామూలు రైఫిలులో తూటాల పెట్టె ట్రిగ్గరుకు ముందుంటుంది. ట్రిగ్గరు వెనక ఉండే కొయ్య, భుజానికి ఆనించుకోవడం తప్ప మరో పనికి రాదు. ఈయన ఆ ఖాళీ చోటును వాడుకున్నాడు. యంత్రాన్నీ, తూటాల పెట్టెనూ ట్రిగ్గరుకు వెనక్కి జరిపాడు. దానితో తుపాకి మొత్తం పొడవు 889 మిల్లీమీటర్లకు తగ్గింది. గొట్టం మాత్రం 623 మిల్లీమీటర్లు అలాగే నిలిచింది. అదే కాలపు ఎఫ్.ఎ.ఎల్. పొడవు మీటరు దాటుతుంది, గొట్టం 533 మిల్లీమీటర్లే. అంటే పొట్టి తుపాకిలో పొడుగు గొట్టం! ఈ అమరికను ఇప్పుడు బుల్‌పప్ అంటారు.

1950లో అమెరికాలోని అబర్డీన్ ప్రయోగస్థలంలో పరీక్షలు జరిగాయి. ఇ.ఎం.2 ఒక వైపు, అదే చిన్న తూటా కోసం చేసిన బెల్జియం తుపాకి ఒక వైపు, అమెరికా వారి సొంత తుపాకి ఒక వైపు. అమెరికన్లు చిన్న తూటాకు ఒప్పుకోలేదు. వాళ్ళకు తమ పాత తూటా అంత బలం కావాలి. అయినా బ్రిటన్ వెనక్కి తగ్గలేదు. 1951 ఏప్రిల్‌లో రక్షణమంత్రి ఎమాన్యుయెల్ షిన్‌వెల్ ఇ.ఎం.2ను తమ సైన్యానికి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. అంటే తుపాకి గెలిచింది. అదే ఏడాది అక్టోబరు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. చర్చిల్ మళ్ళీ ప్రధాని అయ్యాడు. మిత్రదేశాలన్నిటికీ ఒకే తూటా ఉండాలి, అమెరికాతో పేచీ వద్దు అన్నది ఆయన పట్టు. ఇ.ఎం.2 పక్కకు పోయింది. కొన్నింటిని పెద్ద తూటాకు మార్చి చూశారు గాని కథ అప్పటికే ముగిసింది. 1950ల మధ్యలో బ్రిటన్ 7.62 మి.మీ. పెద్ద తూటా కోసం మార్చిన ఎఫ్.ఎ.ఎల్.ను తీసుకుంది. దాని వెనకే మన ఎస్.ఎల్.ఆర్. వచ్చింది.

తరువాత జరిగింది ఇంకా చిత్రం. బలమైన తూటా కావాలని పట్టుబట్టిన అమెరికాయే 1960లలో 5.56 మి.మీ. చిన్న తూటాకు మారిపోయింది. 1985లో బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చిన కొత్త రైఫిలు యంత్రం వేరైనా, అమరిక బుల్‌పప్పే. ముప్ఫై నాలుగేళ్ళ ముందు కొట్టేసిన జవాబు చివరికి పరీక్షలో ఒప్పు అని తేలినట్టయింది.

మంటల్లో పోయినవి

ఓడిన తుపాకులు ఎందుకంత అరుదు? ఎక్కువ తయారు కాకపోవడం ఒక కారణం. తయారైనవాటిని తయారు చేసినవాళ్ళే నాశనం చేయడం ఇంకో కారణం. దీనికి పెడర్సన్ పరికరం మంచి ఉదాహరణ.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుడి చేతిలో స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిలు ఉండేది. ఒక్కొక్క గుండుకూ బోల్టు వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి. జాన్ పెడర్సన్ అనే మేధావి ఒక ఉపాయం ఆలోచించాడు. ఆ రైఫిలు నుంచి బోల్టు తీసేసి, దాని స్థానంలో ఒక చిన్న యంత్రం దూర్చితే చాలు. నలభై చిన్న తూటాల పెట్టె పైకి ఏటవాలుగా నిలబడుతుంది. ట్రిగ్గరు నొక్కిన కొద్దీ గుండ్లు వరసగా పోతాయి. రహస్యం బయటపడకుండా దీనికి కాగితాల మీద '1918 నమూనా ఆటోమేటిక్ పిస్తోలు' అని పేరు పెట్టారు. 1919 వసంతంలో పెద్ద దాడికి వాడాలని పథకం. 1918 నవంబరు 11న యుద్ధం ఆగిపోయింది. అప్పటికి తయారైనవీ, ఆ తరువాత పూర్తి చేసినవీ కలిసి సుమారు 65,000 పరికరాలు. అవి గోదాముల్లో మూలిగాయి. 1931లో వాటిని నాశనం చేయమని ఉత్తర్వు వచ్చింది. కుప్పలు పోసి తగలబెట్టారు. ఈరోజు మిగిలినవి అతి కొద్ది.

సేకర్తకు ఇక్కడొక చక్కటి ఆనవాలు దొరుకుతుంది. ఈ పరికరం ఖాళీ గుల్లల్ని ఎడమ పక్కకు విసురుతుంది. అందుకోసం స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు ఎడమ గోడకు కోలగా ఒక రంధ్రం చేశారు. అలా చేసిన రైఫిళ్ళకు మార్క్ 1 అని పేరు. పరికరాలు మంటల్లో పోయినా ఆ రైఫిళ్ళు పోలేదు. లోపలి ప్రత్యేక భాగాలు తీసేసి, మామూలు భాగాలు వేసి, మామూలు రైఫిళ్ళలాగే వాడుకున్నారు. రంధ్రం మాత్రం మిగిలింది. సంగతి తెలియని మనిషి చూస్తే, "ఎవడో దీన్ని పాడు చేశాడు, పూడ్చేస్తే పోలా" అనుకుంటాడు. తెలిసినవాడికి ఆ రంధ్రమే ప్రాణం. తుపాకి ఏ కాలంలో, ఏ ఆశతో తయారైందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

పెడర్సన్ తరువాత ఏళ్ళ తరబడి కష్టపడి సొంతంగా ఒక రైఫిలు కూడా చేశాడు. అందులో గుల్ల లోపల ఒత్తిడి పూర్తిగా తగ్గకముందే యంత్రం తెరుచుకోవడం మొదలవుతుంది. ఒత్తిడికి ఉబ్బిన గుల్ల గొట్టం గోడను పట్టుకుంటే బయటికి రాదు. అందుకని తూటాల మీద పల్చగా మైనం పూత వేశాడు. 1932లో సేనాధిపతి మెకార్థర్ పాత తూటాల నిల్వలే వాడుకోవాలని చిన్న తూటాను కాదన్నాడు. పెడర్సన్ రైఫిలు వెనకబడింది. 1936లో జాన్ గరాండ్ రైఫిలు గెలిచింది. ఇప్పుడు ఎవరి సేకరణలోనైనా ఆనాటి పెడర్సన్ తూటా ఉంటే దానిమీది మైనపు పొర కూడా ఉండాలి. జిడ్డుగా ఉందని గుడ్డపెట్టి తుడిస్తే మెరుస్తుంది. కానీ ఆ తుపాకి ఎందుకు అలా పనిచేసిందో చెప్పే ముక్క ఆ గుడ్డకు అంటుకుని పోతుంది.

బాగుచేయడం అంటే ఏమిటి?

ఇప్పుడు అసలు విద్యకు వద్దాం. ఏళ్ళ తరబడి అటకల మీద, గోదాముల్లో పడి ఉన్న తుపాకి చేతికొస్తే ఏం చేస్తారు? మొదట ఏమీ చేయరు! కొలతలు తీసుకుంటారు, ఫొటోలు తీస్తారు, ప్రతి అంకెనూ ముద్రనూ కాగితం మీదికి ఎక్కిస్తారు. విప్పేటప్పుడు ఏ మర ఏ రంధ్రంలోంచి వచ్చిందో రాసుకుంటారు. ప్రయోగాత్మక తుపాకులు చేత్తో సానబట్టి అమర్చినవి. ఒక తుపాకి భాగం ఇంకోదానికి సరిపోతుందన్న నమ్మకం లేదు. పోగొట్టుకుంటే అంగట్లో దొరకదు.

తరువాత తుప్పు సంగతి. మన రసాయనశాస్త్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఎర్ర తుప్పు అంటే నీటితో కూడిన ఐరన్ ఆక్సైడు. అది గుల్లగా, పొరలుగా ఉంటుంది. తేమను లోపలికి రానిస్తుంది, కాబట్టి తినడం ఆగదు. ఇనుముకే మరో ఆక్సైడు ఉంది, నల్లటి మాగ్నటైటు. ఇది ఉక్కును గట్టిగా పట్టుకుని ఉంటుంది, నూనెను పీల్చి నిలుపుకుంటుంది. పాత తుపాకుల మీద కనిపించే నలుపు నీలం కలిసిన రంగు చాలావరకు ఈ మాగ్నటైటే. పూర్వపు పనివాళ్ళు దాన్ని ఎలా తెప్పించేవారో తెలుసా? ఉక్కును శుభ్రం చేసి, కావాలనే ఎర్ర తుప్పు పట్టించేవారు. తరువాత మరిగే నీళ్ళలో ఉడికించేవారు. ఎర్రది నల్లగా మారుతుంది. వదులుగా ఉన్న పొడిని సన్నటి తీగ కుచ్చుతో రుద్ది, మళ్ళీ తుప్పు పట్టించి, మళ్ళీ ఉడికించి, ఇలా చాలాసార్లు చేసేవారు. శత్రువును అదుపులో పెట్టుకుని కాపలావాడిగా మార్చుకోవడం అన్నమాట!

ముదిరిన తుప్పును విద్యుత్తుతో కూడా తీయవచ్చు. బట్టల సోడా కలిపిన నీటిలో తుప్పు పట్టిన భాగాన్ని రుణధ్రువానికి, ఒక పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువానికి కలిపి తక్కువ వోల్టేజి కరెంటు పంపుతారు. మంచి ఇనుము పోకుండా తుప్పు మాత్రం వదులవుతుంది. స్ప్రింగులను మాత్రం ఇందులో వేయకూడదు. రుణధ్రువం దగ్గర పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చేరి దాన్ని పెళుసు చేస్తుంది. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు కూడా వాడకూడదు. అందులోని క్రోమియం విషపదార్థంగా నీటిలోకి దిగుతుంది.

కొయ్య సంగతి ఇంకో రకం. బట్ మీద సొట్ట పడితే తడిగుడ్డ వేసి, వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తారు. ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి పైకి లేస్తాయి, సొట్ట పోతుంది. పైన అవిసె నూనె పట్టిస్తారు. వినడానికి హాయిగా ఉంది గదా? ఒక్క చిక్కు. సైన్యపు తనిఖీదారు ఆ కొయ్య మీద సుత్తితో కొట్టిన ముద్ర కూడా ఒక సొట్టే. ఏది దెబ్బ, ఏది ముద్ర అని ఆవిరికి తెలియదు. రెంటినీ కలిపి లేపేస్తుంది.

ఇంకొక విద్య నాకు బాగా నచ్చింది. ఇందాక చెప్పినట్టు ఇ.ఎం.2 వంటి తుపాకిని రకరకాల తూటాలకు మార్చి చూశారు. బయటి రూపం ఒకటే అయినా లోపల తూటా కూర్చునే గది కొలత వేరు కావచ్చు. అది ఏ తూటాకో తెలుసుకోవడం ఎలా? బిస్మత్తు, సీసం, తగరం, కాడ్మియం కలిపిన ఒక మిశ్రమలోహం 70 నుంచి 88 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యనే కరుగుతుంది. కాఫీ నీళ్ళ వేడి చాలు. గొట్టాన్ని ముందువైపు మూసి, వెనక గదిలోకి దీన్ని పోస్తారు. గడ్డకట్టినప్పుడు ముందు కొంచెం ముడుచుకుంటుంది, అందువల్ల ఊడి వస్తుంది. సుమారు గంట గడిచేసరికి మెల్లగా వ్యాకోచించి గది అసలు కొలతకు వస్తుంది. అప్పుడు మైక్రోమీటరుతో కొలుస్తారు. తుపాకికి గీత కూడా పడకుండా, అది మరచిపోయిన తూటా పేరు దానిచేతే చెప్పించడం!

పోయిన భాగం కొత్తగా చేయాల్సి వస్తే చేస్తారు. కాని అది కొత్తదని తెలిసేలా కనపడని చోట గుర్తు వేస్తారు. చేసిన ప్రతి పనీ అవసరమైతే వెనక్కి తీసుకునేలా ఉండాలి. జిగురు వేస్తే కరిగేదై ఉండాలి, పూత పూస్తే తుడిచేదై ఉండాలి. అన్నిటికంటే పెద్ద తప్పు, చక్రం మీద పెట్టి అద్దంలా మెరిపించడం. అక్షరాల అంచులు అరిగి, ముద్రలు మాసిపోతాయి. అలా మెరిసిన అరుదైన తుపాకిని నిపుణులు చూసి పెదవి విరుస్తారట. మొదట చదివినప్పుడు నాకిది చాదస్తంలా తోచింది. పాత వస్తువు శుభ్రంగా ఉంటే తప్పేమిటి?

బొక్కలు కాదు, లెక్కలు

దీనికి జవాబు నాకు పుస్తకాల కంటే ముందే దొరికింది. అప్పుడు అర్థం కాలేదు.

మాది వేరుశనగ పండించే ఊరు. వానను నమ్ముకున్న చేలు. మా జేజినాయనకు సొంతంగా ఒక గొర్రు ఉండేది. పైన జడ్డిగం, దాంట్లోంచి దిగే వెదురు గొట్టాలు, కింద అడ్డకొయ్యకు దిగ్గొట్టిన పళ్ళు, అంతా మామూలే. అడ్డకొయ్య మాత్రం జల్లెడలా ఉండేది. పళ్ళు దిగేసిన రంధ్రాలు పోను ఇంకా చాలా రంధ్రాలు, వాటిలో కొన్నింటికి తుమ్మకొయ్య మేకులు, పక్కన కత్తితో గీసిన గాట్లు. ట్రాక్టరు వచ్చాక అది కొట్టంలో మూలన పడింది.

నేను ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో ఒక సంక్రాంతికి, పాత వస్తువును కాపాడుతున్నానన్న ఉత్సాహంతో దాన్ని బయటికి తీశాను. రంధ్రాలన్నిటికీ లప్పం పెట్టాను. గరుకు కాగితంతో గాట్లన్నీ నున్నగా తోమాను. పైన ఎర్ర రంగు, పసుపు చారలు వేశాను. వీధిలో నిలబెడితే చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. జేజినాయన వచ్చి చేత్తో తడిమి చూశాడు.

"ఏమిరా, బొక్కలన్నీ పూడ్చినావా?"

"అవును జేజినాయనా. కొత్తదాని మాదిరి లేదూ?"

"అవి బొక్కలు కాదురా, లెక్కలు" అన్నాడు. అంతే. తిట్టలేదు. పండగ పూట పిల్లవాణ్ణి నొప్పించడం ఎందుకనుకున్నాడేమో.

ఆ మాటకు అర్థం నాయన తరువాత చెప్పాడు. సాలుకూ సాలుకూ మధ్య ఎంత ఎడం ఉండాలని జేజినాయన ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడట. ఎడం తక్కువైతే కలుపు తీసే గుంటక పట్టదు. ఎక్కువైతే చేను పలచబడుతుంది, తేమ ఎగిరిపోతుంది. ఒక ఏడు జానెడు, ఒక ఏడు జానా నాలుగు వేళ్ళు, ఇలా పళ్ళు మార్చి మార్చి విత్తేవాడు. పనికిరాని ఎడం రంధ్రానికి మేకు కొట్టేవాడు. ఆ ఏడు వాన ఎట్లా పడిందో గాట్లలో గుర్తు పెట్టుకునేవాడు. ఆయనకు చదువు రాదు. ఆయన రికార్డు పుస్తకం ఆ అడ్డకొయ్యే.

ఆయన పోయిన మరుసటి ఏడు వాన ఆలస్యమైంది. "ఇట్లాంటి ఏడు మీ జేజినాయన పళ్ళు దగ్గరికి పెట్టేవాడో దూరం పెట్టేవాడో గుర్తు రావడం లేదు. గొర్రు చూస్తే తెలిసుండేది" అన్నాడు నాయన. గొర్రు అక్కడే ఉంది. ఎర్రగా, నున్నగా, మాటా పలుకూ లేకుండా.

అరుదైన తుపాకిని మెరిపించినవాణ్ణి చూసి నిపుణులు ఎందుకు పెదవి విరుస్తారో ఇప్పుడు నన్ను అడగండి, చెబుతాను.

చంపే వస్తువును దాచడమెందుకు?

ఒక ప్రశ్న మిగిలింది. నా గదిలో ఉండే మిత్రుడు దీన్ని సూటిగానే అడిగాడు. "నాగలి దాచుకో, వీణ దాచుకో. మనుషుల్ని చంపడానికి చేసినదాన్ని నూనె పూసి దాచుకోవడం ఏం ముచ్చట?" అని. న్యాయమైన ప్రశ్న. ఇ.ఎం.2 మంచిది, ఎస్.ఎల్.ఆర్. చెడ్డది అనే మాట నేను అనలేను. రెండూ ఒక పనికే పుట్టాయి.

అయితే ఓడిన తుపాకి దగ్గర ఒక విశేషం ఉంది. గెలిచినదాని గురించి ప్రభుత్వాలే పుస్తకాలు రాయిస్తాయి. ఓడినదాన్ని చూస్తేనే ఆ నిర్ణయాలు ఎలా జరుగుతాయో తెలుస్తుంది. ఇ.ఎం.2 గొట్టం బాగులేక ఓడలేదు, రాజకీయం వల్ల ఓడింది. పెడర్సన్ తూటా గోదాముల్లోని పాత తూటాల లెక్కకు ఓడింది. లక్షలమంది సైనికుల చేతికి ఏ వస్తువు రావాలన్నది ప్రయోగశాల ఒక్కటే తేల్చదని ఈ వస్తువులు రుజువు చేస్తాయి. యుద్ధాన్ని ద్వేషించేవాడికి కూడా ఈ సాక్ష్యం అవసరమే.

ఈ సాక్ష్యాలను భద్రపరచడంలో ఇంగ్లండుకు పాత ఆచారం ఒకటి ఉంది. పూర్వం సైన్యం ఒక తుపాకిని ఆమోదించగానే, దానికి లక్కముద్ర వేసిన బిళ్ళ కట్టి నమూనాగా ఉంచేవారు. ఎక్కడ తయారైనా దానితో పోల్చి చూడాలి. అలాంటి నమూనాలు చేరిన చోటుకు పాటర్న్ రూమ్, అంటే నమూనాల గది, అని పేరు. గెలిచినవాటి పక్కన పరీక్షలో తప్పినవీ చేరాయి. ఎన్‌ఫీల్డు ఫ్యాక్టరీ 1988లో మూతపడ్డాక ఆ సేకరణ నాటింగ్‌హామ్‌కు, తరువాత లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ సంస్థకు చేరింది. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాల 1968లో మూతపడినా, దాని సేకరణను అక్కడే మ్యూజియంగా నిలిపారు.

మన దేశంలో ఇది ఇళ్ళల్లో చేసే విద్య కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉండకూడదు. 2019 సవరణతో లైసెన్సు ఉన్నవారికి కూడా మామూలుగా రెండే. అది మంచిదే. చూడాలనుకునేవారికి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు పిడుల మీది రాళ్ళూ రప్పలూ, బంగారు పూతలూ చూసి వచ్చేయకండి. అరుగుదల ఎక్కడ ఉంది, అతుకు ఎక్కడ పడింది, ఏ ముద్ర ఎవరు వేశారు అని వెతకండి.

ఇక మన సంగతి. ప్రాక్టికల్స్ రోజున మనం ఏం చేస్తామో మనకు తెలుసు. టైట్రేషన్‌లో మూడు రీడింగులు వస్తే, కలవనిదాన్ని రబ్బరుతో తుడిచి, కలిసేటట్టు ఇంకోటి రాస్తాం. రికార్డు అందంగా ఉంటుంది, నేను లప్పం పెట్టిన గొర్రులాగా. మొన్న నేను అలా తుడుస్తుండగా మా కెమిస్ట్రీ లెక్చరరు గారు వెనక నిలబడి చూశారు. కోప్పడలేదు. నా చేతిలోని రబ్బరు తీసుకుని జేబులో వేసుకున్నారు. "తప్పు రీడింగును ఒక్క గీతతో కొట్టెయ్. కింద ఉన్నది కనబడాలి. రేపు నీకే అవసరం రావచ్చు" అన్నారు.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు కిరసనాయిలు, గుడ్డ, చిన్న చెక్కపుల్ల పట్టుకుని గొర్రు ముందు కూర్చున్నాను. రోజుకు కాస్త చొప్పున రంగు వదిలించాను. గాట్లు పోయాయి, అవి ఇక రావు. లప్పం తవ్వగా రంధ్రాలు మాత్రం ఏడు బయటపడ్డాయి. వాటి మధ్య ఎడం కొలిచి, బొమ్మ గీసి, నా లాబ్ రికార్డు చివరి పేజీలో అంటించాను. నాయన ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఇదిగో, ఈ రెండూ కలిపి విత్తిన ఏడు నాకు గుర్తుంది" అన్నాడు.

— తృతీయ సంవత్సరం బి.యస్‌సి. విద్యార్థి